కూలిన విమానానికి సున్నం

ఢిల్లీ ద్వారకలో మా అపార్టుమెంట్ల సొసైటీ పిల్లలకి నేను ఎయిర్‌లైన్స్‌లో పనిచేశానని ఎవరో ఊదారు. అప్పట్నించీ లిఫ్టులో కనపడితే చాలు, "అంకుల్, మీరు పైలటా?" అని మొదలు. కాదు నాయనా అంటే, "అచ్ఛా, ఇంజనీరా?" అంటారు. అదీ కాదంటే మొహాలు వేలాడేస్తారు. పై అంతస్తులో అద్దెకుంటూ సివిల్స్‌కి చదువుకునే మన తెలుగు కుర్రాళ్ళు మాత్రం వదల్లేదు. "పాతకాలం విమాన ప్రమాదాలు, భద్రత, ఇవన్నీ రాయండంకుల్, ఇంటర్వ్యూలో పనికొస్తాయి" అన్నారు. సరే, రాస్తున్నాను. దీన్ని ఇంటర్వ్యూలో చెప్పి ఊడిపోతే మాత్రం నా ఫ్లాటుకొచ్చి బెల్లు కొట్టకండి.

నేను పైలట్నీ కాదు, ఇంజనీర్నీ కాదు. విమానాలకి రంగులేసినవాణ్ణి. పాలం ఏర్‌పోర్టులో మా కంపెనీ విమానాలు నిలిపే హాంగర్ వెనకాల రేకుల షెడ్డొకటి ఉండేది, దాని పేరు పెయింట్ షాపు. కంపెనీ పేరు చెప్పను. ఇంతకాలం తర్వాత దాన్ని నలుగురిలో నిలబెట్టడం ఎందుకు? అయినా ఆ కంపెనీకి పరువంటే ప్రాణం. ఎంత ప్రాణమో చెబుతాను వినండి.

ఆ రోజుల్లో మా విమానం ఎక్కడ కూలినా, జారినా, జొన్నచేలో దిగినా ముందు ఫైరింజను బయల్దేరేది, దాని వెనక అంబులెన్సు, దాని వెనక మా వ్యాను. ఒక్కోసారి అంబులెన్సుని మేమే ఓవర్‌టేక్ చేసేవాళ్ళం. వ్యానులో నిచ్చెన, బ్రష్షులు, తెల్లరంగు డబ్బాలు. ఫొటోగ్రాఫర్లు వచ్చేలోపు విమానం ఒంటి మీదా తోక మీదా ఉన్న కంపెనీ పేరు కనపడకుండా పూసెయ్యాలి. మర్నాడు పేపర్లో బొమ్మ పడితే అది ఎవరి విమానమో జనానికి తెలియకూడదట! దేశం మొత్తానికి తిరిగే విమానాలే నాలుగు, అందులో ఇది ఎవరిదో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అయినా సరే పుయ్యాల్సిందే. హిందీలో గోడలకి సున్నం కొట్టడాన్ని పుతాయీ అంటారు. అందుకని మమ్మల్ని హాంగర్ అంతా పుతాయీ పార్టీ అని పిలిచేది.

ప్రమాదం జరిగిన చోట ప్రభుత్వం ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూసేదాకా ఒక్క మేకు కూడా ముట్టుకోకూడదని రూలుంది. ఆ రూలుని మా హాంగర్ గోడ మీద బారెడు అక్షరాలతో రాసి పెట్టారు. రాసిందెవరనుకున్నారు? మేమే.

ఇక కంపెనీ వార్షికోత్సవంలో భద్రత గురించి పెద్దలిచ్చే ఉపన్యాసాలు వినాలి మీరు. వాటిల్లో ప్రమాదం అన్న మాటే ఉండదు. విమానం రన్‌వే దాటి గుంటలో పడితే "నిర్ణీత స్థలానికి ఆవల ఆగింది". చక్రం విరిగితే "చక్రం సహకరించలేదు". ఒకసారి రెక్క కొస తెగిపోతే "రెక్క పొడవులో స్వల్ప మార్పు" అన్నాడు మహానుభావుడు. మేం వెనక వరుసలో కూచుని నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళం.

మా షాపుకి పెద్ద ఉస్తాద్. పాత ఢిల్లీ మనిషి, తెల్ల గడ్డం, బుగ్గలో ఎప్పుడూ పాన్. మాది తెనాలి దగ్గర అని ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో, చివరిదాకా నన్ను మద్రాసీ బాబూ అనే పిలిచాడు. కోపం వస్తే బ్రష్షు విసిరేసేవాడు, కోపం తగ్గాక దాన్ని మనమే తెచ్చివ్వాలి. ఆయనకి ఒకటే పిచ్చి. రంగెయ్యబోయే ముందు ఆ చోటు అద్దంలా తుడవాలి. "తుడవకుండా వేసింది రంగు కాదు, మొహానికి పౌడరు" అనేవాడు. కూలిన విమానాన్ని కూడా, జనం ఓ పక్క మూలుగుతుంటే, ముందు గుడ్డతో శుభ్రంగా తుడిచిగానీ బ్రష్షు పెట్టేవాడు కాదు. వ్యాను నడిపేది మిలిటరీలో చేసొచ్చిన కడప ఆయన. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. నేనేమో ఇంకా పర్మనెంటు కాని కుర్ర వెధవని. మా ముగ్గురి మీద పెత్తనం పబ్లిసిటీ సాబ్‌ది. సూటు, మెళ్ళో మఫ్లరు, జుట్టుకి అరసీసా నూనె. విమానం కూలిందంటే ఆయన ముందు అడిగే ప్రశ్న, "ప్రెస్ వచ్చిందా?"

ఇక అసలు కథ. అది చలికాలం పొద్దు. ఢిల్లీ మంచు సంగతి మీకు తెలుసుగా, చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. అప్పుడప్పుడే మంచు పల్చబడుతుంటే మా రెండు పంకాల విమానం, అదే ప్రొపెల్లర్లది, ఒకటి దిగింది. నేల మీద చక్రాలు పెట్టిందో లేదో ఎడమ చక్రం పుటుక్కున విరిగింది, విమానం పక్కకి తిరిగి గడ్డిలోకి ఈడ్చుకుంటూ పోయి మట్టిలో ముక్కు పెట్టుకుని ఆగింది. దేవుడి దయ, ఎవరూ పోలేదు. ఒకాయనకి చెయ్యి విరిగింది. ఒక పంజాబీ ఆంటీ మాత్రం తన టిఫిన్ క్యారియరు తెచ్చిస్తేగానీ గడ్డి మీద నుంచి కదలనని కూచుంది.

మేం వెళ్ళేసరికి పబ్లిసిటీ సాబ్ అప్పటికే గడ్డిలో గంతులేస్తున్నాడు. "జల్దీ! జల్దీ! ఫొటోగ్రాఫర్లు గేటు దగ్గరే ఉన్నారు!"

ఉస్తాద్ మామూలుగానే గుడ్డ తీశాడు.

"గుడ్డేంటి? తుడిచేదేంటి? ఇది నీ కూతురి పెళ్ళిపందిరా? కొట్టు రంగు!"

"మంచు నీళ్ళు కారుతున్నాయి సాబ్. తడి మీద వేస్తే నిలబడదు."

"సాయంత్రం దాకా నిలబడితే చాలు!"

ఉస్తాద్ గుడ్డని భుజం మీద వేసుకుని నాకేసి చూశాడు. ఆ చూపు పెద్దింటి వంటవాణ్ణి సద్దన్నం వేడిచెయ్యమంటే చూసే చూపు. "చెయ్యి, మద్రాసీ బాబూ. పౌడర్ కొట్టు" అన్నాడు. ఆయన తోక వైపు వెళ్ళాడు, నేను నిచ్చెనేసుకుని కిటికీల పైన పేరు ఉన్న చోటుకి ఎక్కాను. అక్కడంతా మట్టి చిమ్మినట్టు గోధుమరంగు మరకలు. మట్టిలో దొర్లిన విమానానికి మట్టి కాక మల్లెపూలు అంటుతాయా? దాని మీదే పూసుకుంటూ పోయాను. రంగులో వెంట్రుకలు, ఒకటా రెండా, బ్రష్షు లాగిన చోటల్లా వెంట్రుకలే.

"ఏం బ్రష్షులన్నా ఇవి! కుక్కకి గజ్జి పట్టినట్టు రాలుతున్నాయి. ఈ కొనుగోలు డిపార్టుమెంటు వాళ్ళని కట్టేసి కొట్టాలి!" అన్నాను కిందకి చూసి.

నిచ్చెన పట్టుకున్న కడపన్న, "సుమ్మనుండబ్బీ, పూసి దిగు. సలికి నా సేతులు కొయ్యబారినాయి" అన్నాడు.

పూసేసి దిగాను. ఫైరింజను వాళ్ళు రెక్కల కింద పెట్రోలు కారుతోందని నీళ్ళు, నురగ కుమ్మరించి అంతా కడిగేశారు. ఫొటోగ్రాఫర్లు వచ్చారు. అప్పటికి అది ఎవరిదీ కాని విమానం. పబ్లిసిటీ సాబ్ మఫ్లరు సర్దుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ విమానం నడిపిన కెప్టెన్ గురించి చెప్పాలి. ఆరడుగుల మనిషి, కోరమీసం, బూట్లలో మన మొహం కనపడేది. మా షెడ్డు పక్కనుంచి నడిచి వెళుతూ మమ్మల్ని ఏనాడూ పలకరించిన పాపాన పోలేదు. ఒకసారి నా బ్రష్షు నుంచి చుక్క ఆయన బూటు మీద పడితే, "ఓయ్ పెయింటర్!" అని అరిచిన అరుపుకి నిచ్చెన మీద నుంచి జారాను. అందుకని ఆయన్ని విచారణకి పిలిచారని తెలిసినప్పుడు, నిజం చెప్పాలంటే, క్యాంటీన్లో నేను ఒక సమోసా ఎక్కువే తిన్నాను.

ఆయన చెప్పిందేమిటంటే, చక్రాలు నేలకి తగిలిన క్షణంలో మంచులోంచి నీల్‌గాయ్ అడ్డం వచ్చిందట. నీల్‌గాయ్ అంటే మన మనుబోతు, గుర్రమంత ఉంటుంది. అది చక్రానికీ పంకాకీ తగిలింది, చక్రం విరిగింది, అంతేగానీ నేను తప్పుగా దింపలేదు అని ఆయన వాదన. పక్కన కూచున్న కుర్ర పైలటు లోపల మీటర్ల ముళ్ళకేసి చూస్తున్నాడట, "ధన్‌మని చప్పుడు విన్నాను, జంతువుని చూళ్ళేదు" అన్నాడు. ఆ చప్పుడు చక్రం విరిగిందీ కావచ్చు. పంకా వంగింది గానీ, మట్టిలో దున్నుకుంటూ పోయిన పంకా వంగకేం చేస్తుంది? గడ్డి అంతా వెతికారు, జంతువు కళేబరం లేదు. దెబ్బతిని ఏ ముళ్ళపొదల్లోకి పోయి చచ్చిందో, నక్కలు ఏం చేశాయో ఎవరికి తెలుసు. ఆ రోజుల్లో పాలం చుట్టూ పొలాలూ కంపలూ తప్ప ఏమున్నాయి?

తమాషా ఏమిటంటే ఆ నీల్‌గాయ్ ఉండటం ఎవరికీ ఇష్టం లేదు. అది ఉందంటే ఏర్‌పోర్టు కంచెలో కంత ఉన్నట్టు. కంత ఉందంటే కంచె చూసుకునేవాళ్ళకి మూడినట్టు. మా కంపెనీకేమో కంచెవాళ్ళతో తగూ పెట్టుకోవడం కంటే ఒక్క కెప్టెన్‌ని వదిలించుకోవడం సుఖం. ఆయన లైసెన్సు రద్దు చేసి ఇంటికి పంపడానికి రంగం సిద్ధమైంది. క్యాంటీన్లో మావాళ్ళు, "సాబ్‌కి కనపడింది గ్లాసులోని నీల్‌గాయ్" అని విస్కీ తాగినట్టు అభినయించి నవ్వించేవాళ్ళు. నేనూ నవ్వాను.

విమానాన్ని ఈడ్చుకొచ్చి మా హాంగర్ చివర పెట్టారు. నేనొక రోజు మధ్యాహ్నం టర్పెంటైన్ డబ్బా కోసం అటు వెళితే, రెక్క కింద ఎవరో మోకాళ్ళ మీద పాకుతున్నారు. చూస్తే కెప్టెన్! ఆ సూటుతోనే నేల మీద, చేతిలో టార్చి. విరిగిన చక్రం సందుల్లో వేలు పెట్టి మట్టి గీకి, ఆ మట్టిని అరచేతిలో నలిపి చూసుకుంటున్నాడు. బూట్ల నిండా దుమ్ము. నన్ను చూసి లేవబోయి తల రెక్కకి కొట్టుకున్నాడు.

"ఏం వెతుకుతున్నారు సాబ్?" అన్నాను. అడక్కుండా ఉండలేకపోయాను.

అరుస్తాడనుకున్నాను. "వెంట్రుక" అన్నాడు. "ఒక్క వెంట్రుక దొరికినా చాలు. అంతా కడిగేశారు." అంతటి మనిషి, పెయింటర్ కుర్రాడి ముందు ఏడుపు ఆపుకుంటున్నాడు. "నాకు ఇది తప్ప ఇంకో పని రాదు" అన్నాడు, మళ్ళీ మోకాళ్ళ మీద కూలబడి టార్చి వెలిగించుకున్నాడు.

వెంట్రుక అన్న మాట నా చెవిలో పడి, లోపలికి దిగడానికి కొంచెం సేపు పట్టింది. దిగాక టర్పెంటైన్ సంగతి మర్చిపోయి షెడ్డుకి పరిగెత్తాను. ఆ రోజు వాడిన బ్రష్షు తీసి చూశాను. దానివి తెల్ల వెంట్రుకలు. నేను రంగులో చూసినవి నల్లగా, బూడిదరంగులో, బిరుసుగా ఉన్నాయి. ఓరి నాయనో!

ఉస్తాద్‌కీ కడపన్నకీ చెప్పాను. ఇద్దరూ టీ తాగుతున్నారు, గ్లాసులు కింద పెట్టేశారు.

"అయితే ఆ మరకలు మన్ను కాదన్న మాట" అన్నాడు కడపన్న. "పంకా కొట్టింటే నెత్తురు పైకి ఎగజిమ్మింటాది. అబ్బీ, నువ్వు దాని మీదే సున్నం కొట్టినావు!"

"మీరేగా పూసి దిగమంది!"

"నేనేం సేస్తును, సలి."

ఉస్తాద్ పాన్ నమలడం ఆపేశాడు. మా కష్టమంతా ఎక్కడుందో అర్థమైందా మీకు? కెప్టెన్‌కి కావలసిన సాక్ష్యం మా తెల్లరంగు కింద ఉంది. అది బయటపెట్టాలంటే, ఇన్‌స్పెక్టర్లు రాకముందే మేం విమానాన్ని ముట్టుకున్నామని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పబ్లిసిటీ సాబ్ మీదకి వస్తుంది, ఆయన మా మీదకి తోస్తాడు. నా ఉద్యోగం పర్మనెంటే కాలేదు. ఒక్క పెన్ను గీతతో తెనాలి బండెక్కాలి. నాకు భయమేసింది. ఒంటరిగా ఉంటే నోరు మూసుకునేవాణ్ణేమో, నాకే తెలియదు.

"ఆ తెల్లరంగేందని ఇన్‌స్పెక్టర్ అడిగితే మన సాబ్ ఏం సెప్పినాడో తెలుసా?" అన్నాడు కడపన్న. "ఫైరింజను వాళ్ళ నురగ సార్, ఎండి అతుక్కుపోయింది అన్నాడంట!"

ఆ నురగకి బ్రష్షు గీతలు కూడా ఉన్నాయి మరి. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఉస్తాద్ లేచాడు. "ఆఖరి విచారణ ఎప్పుడు?" అన్నాడు. మర్నాడే, హాంగర్లోనే, విమానం పక్కనే బల్లలేసి అని చెప్పాను. "నిచ్చెన తుడిచి పెట్టు" అన్నాడు.

మర్నాడు బల్ల దగ్గర ప్రభుత్వం ఇన్‌స్పెక్టరు, మా కంపెనీ పెద్దలిద్దరు, పక్కన పబ్లిసిటీ సాబ్. ఎదురుగా కుర్చీలో కెప్టెన్. ఇన్‌స్పెక్టరు బక్కపల్చటి మనిషి, నవ్వకుండా వేళాకోళం చేస్తాడు. "కెప్టెన్, మీ నీల్‌గాయ్ టికెట్టు కొన్నదా, లేక విదౌట్ టికెట్టా?" అంటున్నాడు. పెద్దలు పకపక నవ్వారు. కెప్టెన్ నేలకేసి చూస్తున్నాడు.

అప్పుడు మేం నిచ్చెన మోసుకుంటూ లోపలికి నడిచాం. ముందు ఉస్తాద్, వెనక నేను, నా వెనక పని లేకపోయినా కడపన్న.

పబ్లిసిటీ సాబ్ కుర్చీలోంచి ఎగిరాడు. "ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? చలో, బయటికి!"

ఉస్తాద్ ఆయన్ని చూళ్ళేదు. ఇన్‌స్పెక్టరుకి సలాం పెట్టి, "హుజూర్, విమానం మీద పేరు మళ్ళీ రాయాలి. పైనున్న ఈ చెత్త తియ్యడానికి మీ ఇజాజత్ కావాలి. మీరు చూస్తుండగా తీస్తే మంచిది" అన్నాడు.

"అది నురగ కదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీరే చూడండి హుజూర్."

ఇన్‌స్పెక్టరు పబ్లిసిటీ సాబ్ మొహం చూశాడు, ఉస్తాద్ మొహం చూశాడు, సరే అని చెయ్యి ఊపాడు. నేను రంగు ఊడదీసే మందు డబ్బా మూత తియ్యబోతే ఉస్తాద్ నా చేతి మీద ఒక్కటేశాడు. "గాడిదా! అది రంగుతో పాటు అంతా తినేస్తుంది!" ఆయన ఎక్కి ఓ మూల పలచటి కత్తి దూర్చి లాగాడు. కొంచెం చిరిగింది. ఇంకో మూల దూర్చాడు, మళ్ళీ చిరిగింది. కింద నేను నిచ్చెన గట్టిగా పట్టుకున్నాను. ఏమీ లేకపోతే? అది నిజంగా బ్రష్షు వెంట్రుకే అయితే? మూడోసారి నెమ్మదిగా వేళ్ళతో పట్టుకుని లాగితే, ఆ తడి ఒంటి మీద, మురికి మీద వేసిన రంగు నిలబడితే కదా, పెనం మీది అట్టు లేచొచ్చినట్టు ఇంత వెడల్పున ఊడి వచ్చింది. ఉస్తాద్ దాన్ని తిరగేసి పట్టుకుని నిచ్చెన దిగి ఇన్‌స్పెక్టరు బల్ల మీద పరిచాడు.

రంగు లోపలి వైపు ఎండిపోయిన గోధుమరంగు మరక. దాన్నిండా బూడిదరంగు బిరుసు వెంట్రుకలు, గుత్తులు గుత్తులుగా.

కెప్టెన్ లేచి వచ్చాడు. ఆయన చెయ్యి ఆ రంగుపొర మీదికి వెళ్ళి, తగలకుండా పైనే ఆగిపోయింది. మొన్న తిన్న సమోసా గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

ఇన్‌స్పెక్టరు వెంట్రుకల్ని జాగ్రత్తగా కవర్లో పెట్టించి, జంతువుల డాక్టరుకి పంపమన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి, "ఈ రంగు ఎప్పుడేశారు?" అన్నాడు.

పబ్లిసిటీ సాబ్ ఏదో అనబోయాడు. ఉస్తాద్ అడ్డం వచ్చాడు. "ఆ పొద్దునే హుజూర్. ఈ చేతులతోనే."

"బండి నేనే తోలినా సార్" అన్నాడు కడపన్న, అచ్చ తెలుగులో. ఇన్‌స్పెక్టరుకి అర్థం కాకపోతే గాల్లో స్టీరింగు తిప్పి చూపించాడు. ఇక నేను మాత్రం ఎందుకాగుతాను? "బ్రష్షు నాది సార్" అన్నాను.

"ఎవరు వెయ్యమన్నారు?"

మేం ముగ్గురం ఒకే వైపు చూశాం. పబ్లిసిటీ సాబ్ మఫ్లరు వదులు చేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అన్నాడు: "సాక్ష్యాన్ని కప్పిపెట్టారని మిమ్మల్ని శిక్షించాలి. మీరు కప్పిపెట్టకపోతే ఫైరింజను వాళ్ళు దీన్ని కూడా కడిగేసేవాళ్ళు. నా సర్వీసులో ఇలాంటి దరిద్రం చూళ్ళేదు." అని మొదటిసారి నవ్వాడు.

ఆ వెంట్రుకలు నీల్‌గాయ్‌వేనని డాక్టరు చెప్పాడు. కంచెలో కంత దొరికింది. పెద్ద కంత, లారీ పట్టేంత. కెప్టెన్ లైసెన్సు నిలబడింది. మాకు తలా ఒక వార్నింగు వచ్చింది, అంతే. నేను ఆ రాత్రి చాలాకాలానికి హాయిగా నిద్రపోయాను.

కెప్టెన్ ఒక రోజు మా షెడ్డుకి వచ్చాడు, చేతిలో లడ్డూల డబ్బా. ఆయన్ని లోపలికి రమ్మనడం కూడా మాకు తోచలేదు, కుర్చీ ఉంటే కదా! ఆయనే ఒక రంగు డబ్బా మీద కూచున్నాడు. దాని మీద తడి రంగుంది, ఎవరం చెప్పలేదు, ధైర్యం చాల్లేదు. "భాయీ, దేవుడు మీకు మేలు చెయ్యాలి. మీరు ఆ రోజు పని సరిగ్గా చేసుంటే నా బతుకు బుగ్గయ్యేది" అన్నాడు. అందరం గొల్లున నవ్వాం. వెళ్ళేటప్పుడు ఆ ఖరీదైన ప్యాంటు వెనక గుండ్రంగా తెల్లటి ముద్ర. మళ్ళీ నవ్వాం. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు. ముప్ఫై ఏళ్ళు మంచి పని చేసిన మనిషికి చెడ్డ పనికి లడ్డూ దొరికింది, ఆ మంట కాబోలనుకున్నాను.

ఇప్పుడు మీకొక ప్రశ్న. ఇంత జరిగాక కంపెనీ ఏం చేసుంటుంది? ఇకమీదట సున్నం కొట్టకండి అని చెప్పుంటుందని మీరనుకుంటారు. మీరు చిన్నపిల్లలు. మా పబ్లిసిటీ సాబ్ సంతకంతో ఆర్డరు వచ్చింది: ప్రమాదానికి గురైన విమానానికి రంగు వేసే ముందు ఆ భాగాన్ని బాగా కడిగి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, అడుగుపూతగా అస్తరు వేసి, అది పూర్తిగా ఆరిన తర్వాతే రంగు వెయ్యవలెను! అంటే ఈసారి ఒక్క వెంట్రుక కూడా మిగలకూడదన్న మాట. భద్రత విషయంలో మా కంపెనీ నేర్చుకున్న పాఠం అదీ.

ఆ తర్వాత వానాకాలంలో ఇంకో విమానం రన్‌వే మీద జారి బురదలో దిగబడింది. దేవుడి దయ, దాన్లోనూ ఎవరికీ ఏమీ కాలేదు. మేం వెళ్ళాం. సన్నగా జల్లు పడుతోంది. పబ్లిసిటీ సాబ్ మామూలు గంతులు మొదలెట్టాడు. "జల్దీ! పుయ్యండి!"

ఉస్తాద్ గుడ్డ తీశాడు. తోక ఎక్కి ఒక మూల తుడవడం మొదలుపెట్టాడు. అంతకు ముందు తుడిచేదాని కంటే నెమ్మదిగా, పసిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు. వాన పడి మళ్ళీ తడిసింది. మళ్ళీ తుడిచాడు.

"ఏం చేస్తున్నావు!"

"మీ ఆర్డరే సాబ్. ఆరాలి."

"వానలో ఎలా ఆరుతుంది?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను. మద్రాసీ బాబూ, గొడుగు పట్టు."

నేను గొడుగు పట్టాను. కడపన్న గరుకు కాగితం పట్టుకుని సిపాయిలా నిలబడ్డాడు. పబ్లిసిటీ సాబ్ బతిమాలాడు. "నా బాబువి కదూ, ఎలాగో ఒకలాగ పూసెయ్, పాడుగా అయినా పర్లేదు." ఉస్తాద్ నిచ్చెన మీద నుంచి, "పాడు పని చేసి ఒకసారి మాట పడ్డాను సాబ్. ఇక చెయ్యను" అన్నాడు. ఫొటోగ్రాఫర్లు వచ్చారు, తీసుకున్నారు. ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, విమానాన్ని ఉన్నదున్నట్టు చూశారు. మర్నాడు పేపర్లో మా కంపెనీ పేరు అక్షరం పోకుండా పడింది.

పబ్లిసిటీ సాబ్ కంపెనీ మునిగిపోయిందన్నట్టు తల పట్టుకున్నాడు. ఆ రోజు మేం టెర్మినల్లో ఏదో గీతలు దిద్దే పని మీద వెళితే టికెట్ కౌంటరు దగ్గర మామూలు క్యూనే. ఒకాయన చంకలో అదే పేపరు. బురదలో ఉన్న విమానం బొమ్మ పైకే ఉంది. కౌంటరులో అమ్మాయిని ఆయన అడిగిందల్లా, "బంబై ఫ్లైటు టైముకి వెళుతుందా? కిటికీ సీటు దొరుకుతుందా?"

తిరిగి వస్తుంటే వ్యానులో నాకు నవ్వు ఆగలేదు. "ఇన్నేళ్ళూ ఎవరి కోసం కొట్టాం ఉస్తాద్ ఈ సున్నం? ఎవడికీ పట్టనే లేదు!" అన్నాను. కడపన్న స్టీరింగు మీద చరుచుకుంటూ నవ్వుతున్నాడు.

ఉస్తాద్ కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు. "నువ్వు ఇక్కడ చేరకముందు ఒకటి కూలింది" అన్నాడు. "దానికీ చక్రం విరిగింది. మంటలు రాలేదు. ఒక్కడే పోయాడు, కెప్టెన్. తప్పంతా ఆయనదే అని రాశారు. ఆయన పెళ్ళాం చాలా రోజులు గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. మా ఆయన అలా దింపడు, ఏదో అడ్డం వచ్చుంటుంది, ఒకసారి సరిగ్గా చూడండి అని కనపడ్డవాళ్ళందర్నీ అడిగేది. నన్నూ అడిగింది."

కడపన్న వ్యాను వేగం తగ్గించాడు.

"ఆ విమానం ఎక్కడుంది ఉస్తాద్?" అన్నాను. "ఆ రంగు కూడా ఊడదీసి చూస్తే..."

"ఏమీ ఉండదు మద్రాసీ బాబూ" అన్నాడు. "ఆ రోజు నన్నెవరూ తొందరపెట్టలేదు. శుభ్రంగా తుడిచి వేశాను."